సరిగ్గా పది మిల్లీమీటర్లు

"నేనే చేసిన బేటీ. ఎన్నిసార్లడిగినా అదే చెప్త. కాయితం మీద రాసి సంతకం గూడ పెట్టిన. ఇంకేం గావాలె?"

యాభై ఎనిమిదేళ్ళ ఫజలుద్దీన్ ఆ మాట అని తల వంచుకున్నాడు. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న డిటెక్టివ్ మంజుల మాత్రం నోటు పుస్తకం మూయలేదు. గోడ గడియారంలో పదకొండూ ఐదు. పన్నెండింటికి పోలీసులు వస్తారు. అంటే ఆమె చేతిలో ఉన్నది యాభై ఐదు నిమిషాలు.

అది సుల్తానాబాద్‌లోని మనోరమా ఇంజినీరింగ్ వర్క్స్ షెడ్డు. చుట్టుపక్కల రైస్ మిల్లులకు కావలసిన బేరింగ్ బ్లాకులు అక్కడ తయారవుతాయి. రెండు రోజుల క్రితం, సోమవారం పొద్దున 9.47కు, కంప్యూటరు లెక్కతో ఇనుము కోసే అక్కడి పాత సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్‌లో కట్టర్ ఆగవలసిన చోట ఆగలేదు. కిందికి దూసుకుపోయి, బిగించి ఉన్న ఇనుప దిమ్మెను గుద్ది పగిలింది. ఎగిరిన ముక్క యజమాని లక్ష్మీకాంతరావు ఎడమ భుజంలో దిగింది. నాలుగు వేళ్ళు ఇటు వచ్చి ఉంటే మెడలో దిగేది.

ఆ నాలుగు వేళ్ళ తేడా ఫజలుద్దీన్ వల్ల వచ్చిందే. ఒక చేత్తో యజమానిని పక్కకు నూకి, రెండో చేత్తో మెషిన్ ఆపే ఎర్ర బటన్ కొట్టింది అతనే. కాని మంగళవారం మధ్యాహ్నం మూడింటికి, మెషిన్ లెక్క మార్చింది కూడా తానేనని రాసిచ్చాడు. సెలవు ఇయ్యలేదన్న కోపంతో చేశాడట.

మంజులను ఈ కేసులోకి పిలిచింది లక్ష్మీకాంతరావే. నిన్న సాయంత్రం కరీంనగర్ ఆసుపత్రిలో కట్టు కట్టిన భుజంతో లేచి కూర్చుని అన్నాడు.

"నా పానం దీయాలనుకున్నోడు నన్నెందుకు నూకుతడమ్మా? మెషిన్ షురూ జేసే బటన్ నొక్కింది నేను. కట్టర్ కింద కాయితం పెట్టి ఒక్కసారి కొలిచి జూద్దాం సాబ్ అని ఫజల్ భాయ్ అంటనే ఉన్నడు, నేనే ఆగలే. బాసరకు పోయొచ్చిన సంబురంల ఉన్న. గీ పని ఎవరిదో నువ్వు పట్టుకో. ఎవరైనా సరే, పేరు మాత్రం నా దగ్గర దాయద్దు. మాటియ్యి."

మంజుల మాట ఇచ్చింది.

"సరే చాచా, నువ్వే చేసినవ్," అంది ఇప్పుడు. "ఏం జేసినవో చెప్పు."

"వర్క్ జీరో మార్చిన. శనివారం సాయంత్రం."

"ఎంత మార్చినవ్?"

ఫజలుద్దీన్ ఒక్క క్షణం తటపటాయించాడు. "ఐదో, ఆరో మిల్లీమీటర్లు. యాదికి లేదు."

"పదకొండేండ్ల సంది నూరో వంతు మిల్లీమీటరు గూడ డైరీల రాసుకునే మనిషివి. మనిషిని జంపేటంత లెక్క యాదికి లేదా?"

జవాబు వెనుక నుంచి వచ్చింది.

"మేడం, ఒప్పుకున్న మనిషిని పట్టుకుని పరీక్ష పెడుతున్నారా?"

బీమా కంపెనీ తరఫున హైదరాబాదు నుంచి వచ్చిన ఇన్వెస్టిగేటర్ కరుణాకర్. చేతిలో ఫైలు, ముఖంలో పని ముగిసిపోయిన మనిషి నిశ్చింత. మెషిన్ మెయిన్ స్విచ్‌కు లక్క సీలు వేసి సంతకం చేసింది అతనే.

"పరీక్ష ఈయనకు కాదు, ఈ కాగితానికి," మంజుల లేచింది. "సీలు తీయండి. తెర మీద అంకె చూడాలి."

"అవసరం లేదు. నాకు సంతకం ఉంది."

"నాకు మీ రిపోర్టు ఉంది. రెండో పేజీ చదవనా? సోమవారం 9.48కి వాచ్‌మన్ లచ్చయ్య మెయిన్ ఆపి షెడ్డుకు తాళం వేశాడు. పదిన్నర నుంచి రాత్రి ఏడింటిదాకా ఫజలుద్దీన్ కరీంనగర్ ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఈలోపు ఐదింటికి మీరు వచ్చి సీలు వేశారు. అవునా?"

"అవును. నేనే రాశాను. అయితే?"

"అయితే జరిగిన తరువాత లెక్కను ఎవరూ వెనక్కి మార్చలేరు. శనివారం మార్చి ఉంటే, మారిన అంకె ఇప్పటికీ లోపలే ఉండాలి. బ్యాటరీ మీద నిలుస్తుంది. సీలు తీయండి, నేను తప్పైతే పన్నెండింటిదాకా కూడా ఆగను, నా బస్సు నేనెక్కుతాను."

కరుణాకర్ సీలు పగలగొట్టి పక్కకు జరిగాడు. తెర వెలగడానికి రెండు నిమిషాలు పట్టింది. డిటెక్టివ్ కాకముందు మంజుల ఎనిమిదేళ్ళు హైదరాబాదులో ఇలాంటి మెషిన్ల మీదే పనిచేసింది. ఏ మీట నొక్కాలో ఆమెకు వెతుక్కోవలసిన పని లేదు.

తెర మీద వర్క్ జీరో ఎత్తు: మైనస్ 318.420.

బల్ల మీద ఫజలుద్దీన్ నీలం డైరీ తెరిచింది. శనివారం సాయంత్రం ఐదున్నరకు, గుండ్రటి చేతిరాతలో: మైనస్ 318.420.

"ఒక్క అంకె మారలే చాచా," అంది నెమ్మదిగా. "నువ్వు ఏది మార్చిన్నంటున్నవో గది మారనే లేదు."

ఫజలుద్దీన్ పెదవులు తడుపుకున్నాడు.

కరుణాకర్ తేరుకున్నాడు. "అంకె మారకుండా కట్టర్ కిందికి ఎలా వెళ్తుంది? మెషిన్‌కు దయ్యం పట్టిందా?"

"మెషిన్‌కు ముక్క ఎక్కడుందో తెలియదు. 'ముక్క పైతలం ఇక్కడుంది, ఇక్కడి నుంచి లెక్కపెట్టు' అని మనిషి చెప్పాలి. అదే వర్క్ జీరో. కాని ఆ జీరోను అది ఎక్కడి నుంచి కొలుస్తుంది? పొద్దున్నే కరెంటు పెట్టగానే పైకి వెళ్ళి తన గడప తాకి వస్తుంది. హోమ్ అంటారు. కొలత ఆ గడప నుంచి. గడపే కిందికి జరిగితే, అంకె మారకపోయినా కట్టర్ కిందికి దిగుతుంది."

"జరిగిందని ఏమిటి రుజువు?"

"కొలుద్దాం."

ఫజలుద్దీన్‌కు ఒక అలవాటు ఉంది. ప్రతి శనివారం కట్టర్ తీసేసి, బల్ల మీద వంద మిల్లీమీటర్ల ఉక్కు దిమ్మె పెట్టి, మెషిన్ ముక్కును దానికి తాకించి, గడప నుంచి ఎంత దూరం వచ్చిందో డైరీలో రాస్తాడు. మొన్నటి శనివారం 412.350.

మంజుల మెషిన్‌ను హోమ్‌కు పంపింది. తరువాత పగిలిన కట్టర్‌ను విప్పి పక్కన పెట్టి, దిమ్మెను బల్ల మీద పెట్టి, సన్నటి కాగితం ముక్క దాని మీద ఉంచింది. చేతి చక్రం తిప్పుతూ ముక్కును దింపింది. కాగితం ఆడుతోంది, ఆడుతోంది, పట్టుకుంది.

తెర మీద 402.350.

"సరిగ్గా పది," అంది మంజుల.

"దెబ్బకు జరిగి ఉంటుంది," కరుణాకర్ వెంటనే అందుకున్నాడు. "అంత గట్టిగా గుద్దుకుంటే ఏదైనా జరుగుతుంది."

"దెబ్బకు జరిగితే మూడుంబావో, ఏడు పాయింట్ ఏదో వస్తుంది. దెబ్బకు లెక్కలు రావు సార్. ఈ మెషిన్‌ను పైకీ కిందికీ నడిపే స్క్రూ ఒక చుట్టు తిరిగితే పది మిల్లీమీటర్లు. హోమ్ స్విచ్ నొక్కుకున్నాక స్క్రూ మీది చుట్టు గుర్తు ఎక్కడ దొరికితే అదే గడప, స్విచ్ కొంచెం ముందే నొక్కుకున్నా గడప ఒక చుట్టు మొత్తం కిందికి పడుతుంది. గడప సరిగ్గా ఒక చుట్టు తప్పింది. అట్లా తప్పాలంటే హోమ్ స్విచ్‌ను నొక్కే ముక్క కదలాలి. అది స్తంభం వెనక ఉంటుంది."

ఫజలుద్దీన్ కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. మంజుల అది చూసింది.

గడియారంలో పదకొండూ ఇరవై ఎనిమిది.

మెషిన్ వెనుక ఇరుకు సందులో దూరి మంజుల రేకు మూత విప్పింది. నాలుగు స్క్రూలు. నాలుగూ సులువుగా వచ్చాయి, అంటే ఈమధ్యనే విప్పారు. లోపల ఊక దుమ్ము ఉండాలి. సుల్తానాబాద్‌లో రైస్ మిల్లు పక్కన ఉన్న ఏ ఇనుప వస్తువూ ఊక పట్టకుండా ఉండదు. కాని అక్కడ శుభ్రంగా ఉంది. ఎవరో శ్రద్ధగా గుడ్డ పెట్టి తుడిచారు.

టార్చి వెలుగులో ఆ చిన్న ఇనుప ముక్క కనిపించింది. వర్క్‌షాపుల్లో దాన్ని డాగ్ అంటారు. రెండు స్క్రూలతో పట్టాకు బిగించి ఉంది. మెషిన్ కొన్ననాడు ఫిట్టర్ దాని మీదుగా పట్టా మీదికి ఒక తెల్ల పెయింటు గీత గీశాడు, కదిలితే తెలియడానికి. గీత ఇప్పుడు రెండు ముక్కలై ఉంది. డాగ్ మీది సగం నాలుగు మిల్లీమీటర్లు కిందికి వచ్చింది. స్క్రూలు మాత్రం గట్టిగా బిగించి ఉన్నాయి.

"చూశారా!" వెనుక నుంచి తొంగి చూసిన కరుణాకర్ గొంతు లేచింది. "కావాలనే జరిపి బిగించాడు. కాగితంలో పద్ధతి తప్పు చెప్పాడేమో గాని నేరం అదే కదా. ఫజలుద్దీన్, ఇది నువ్వే చేశావా?"

"నేనే సార్," ఫజలుద్దీన్ గబగబా అన్నాడు. "గదే. గదే చేసిన."

"చాచా, జర ఆగు."

మంజుల పై స్క్రూను నెమ్మదిగా విప్పింది. కింద ఉన్న వాషర్‌ను గోటితో తీసి తెల్ల కాగితం మీద బోర్లించింది. వాషర్ అడుగున నూనెలో తడిసిన పసుపు ముద్ద.

ఆమె దాన్ని వేలికి రాసుకుని వాసన చూసింది. పసుపే.

బయటకు వచ్చి చేతులు తుడుచుకుని, గుమ్మం దగ్గర నిలబడ్డ వాచ్‌మన్ లచ్చయ్యను పిలిచింది. డెబ్బై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషి.

"తాతా, నిన్న పొద్దున షెడ్డుల ఎవరు జొచ్చిండ్రు?"

"ఫజలన్న వచ్చిండమ్మా. కిందవడ్డ నెత్తురు కడుగుతనన్నడు. ఎనిమిదిన్నరకు వచ్చిండు."

"ఎంతసేపున్నడు?"

"అర్ధగంట. ఎనుక సందుల గుడ్డ పట్టుకొని కూసుండు. బయటికి వచ్చేటాల్లకు ఆయన మొఖం జూడలేకపోయిన. ఏడ్సినట్టున్నడు."

మంజుల కరుణాకర్ వైపు తిరిగింది. "సోమవారం సాయంత్రం మీరు ఆసుపత్రిలో అడిగినప్పుడు ఈయన ఏమన్నాడు?"

"తెలియదన్నాడు."

"మంగళవారం మూడింటికి 'నేనే' అన్నాడు. మధ్యలో జరిగింది ఒక్కటే. ఎనిమిదిన్నరకు ఈ మూత తీసి లోపల చూశాడు. పసుపు కనిపించింది. పైపైన కనిపించినదంతా తుడిచేశాడు. వాషర్ కింద ఉన్నది అతనికి కనిపించలేదు." ఆమె లచ్చయ్యను అడిగింది. "తాతా, ఐతారం ఎవరొచ్చిండ్రు?"

లచ్చయ్య ఫజలుద్దీన్ వైపు చూశాడు. ఫజలుద్దీన్ తల అడ్డంగా ఊపాడు, చాలా కొంచెం.

"నాకు ఎరుక లేదమ్మా."

"నీకు బాసర ప్రసాదం ఎవరు దెచ్చిచ్చిండ్రు తాతా?"

ముసలివాడు బిత్తరపోయాడు. "గది నీకెట్ల..." అంటూనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

అమ్మవారి ఒంటి మీది పసుపు బండారిని బాసర పోయినవాళ్ళు పొట్లం కట్టి ఇంటికి తెచ్చుకుంటారు. ఈ షెడ్డు మనుషుల్లో ఆదివారం బాసర వెళ్ళి వచ్చింది ఒక్కరే.

మంజులకు ఇచ్చిన మాట గుర్తొచ్చింది. పేరు దాయద్దు అని అడిగిన మనిషి పేరే దొరికింది.

ఫజలుద్దీన్ లేచి ఆమె ముందుకు వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఆయనకు చెప్పకు బేటీ. నీ కాళ్ళు మొక్కుత. రెండువేల పద్నాలుగుల కాగజ్‌నగర్ మిల్లు బందైనప్పుడు నాకు నలభై ఏడేండ్లు. పాత లేత్ తప్ప ఏం రాదు. ఏ షెడ్డు జొచ్చినా ముసలోనివి, పొమ్మన్నరు. గీ మనిషి ఒక్కడే కూసోమన్నడు. కంప్యూటర్ జూస్తే నాకు చేతులు వణికేటియి. ఆర్నెల్లు నా పక్కపొంటి నిలబడి ఒక్కో మీట జూపిచ్చిండు. ఎన్ని కట్టర్లు ఇరగ్గొట్టిన్నో! ఒక్కనాడు గూడ ఇదేందని అనలే. ఇంట్ల నా బీవీ సుల్తాన్ బీ ప్రతి నమాజ్‌ల నా పేరు కన్న ముందు ఆయన పేరు తీస్తది."

"అందుకని జైలుకు పోతవా?"

"పోత. నా చేతులకు బేడీలు పడ్డా నాకు ఫికర్ లేదు. తన చేత్తోనే తన మెషిన్ చెడగొట్టిన్నని తెలిస్తే ఆయన మళ్ళ గీ షెడ్డుల అడుగు పెట్టడు. ఆయన గుండె పగుల్తది."

కరుణాకర్ ఫైలు మూశాడు. "అంటే యజమానే తన మెషిన్‌ను చెడగొట్టుకున్నాడు. అలాగైతే నా రిపోర్టు పూర్తిగా మారుతుంది మేడం. లేదంటే ఈ కాగితం ఉంది, ఇతనికి అభ్యంతరం లేదు, మీరూ మాట్లాడకండి. అందరికీ సుఖం."

"అబద్ధమని తెలిసి ఆ కాగితం పోలీసుల చేతిలో పెడతారా?"

"నాకు తెలియదు కదా. పసుపు చూసింది మీరు."

"మీరూ చూశారు. నా పక్కనే నిలబడి చూశారు. రేపు కోర్టులో అడిగితే నేను అదే చెబుతాను, టైముతో సహా. పదకొండూ ముప్ఫై ఆరు." మంజుల అతని కళ్ళలోకి సూటిగా చూసింది. "పొరపాటుకూ కుట్రకూ తేడా మీకు తెలియకపోతే ఈ ఉద్యోగం మానేయండి. ఎవరూ దీన్ని చెడగొట్టలేదు. ఒకాయన తనకు ఇరవై నాలుగేళ్ళు అన్నం పెట్టిన మెషిన్‌ను ప్రేమగా తుడిచాడు. అంతే."



మంజుల ఫోను తీసింది. ఫజలుద్దీన్ ముఖం తిప్పుకున్నాడు. రెండో రింగుకే లక్ష్మీకాంతరావు ఎత్తాడు. ఆమె స్పీకరు పెట్టింది.

"దొరికిండా అమ్మా?"

"ఒక్క మాట అడగాలె సార్. ఐతారం బాసర నుంచి వచ్చినంక షెడ్డుకు పోయిండ్రా?"

"పోకుంట ఎట్ల? ఏటేటా పోత. ఐదున్నరకు పోయిన. మా ఇంటామె మనోరమ కార్లనే కూసుంది. ఎనుక మూత తీసి ఊక దులిపి, అమ్మవారి బండారి పెట్టిన. గా మెషిన్ లేకుంటే నేనేడుందును?" గొంతులో సంతోషం తెలుస్తోంది. "లోపల వైరు పట్టే క్లిప్పేందో లూజుగా ఊగుతుంటె చేతికి తగిలింది. పాపం, ఫజల్ భాయ్ చూసుకోలేదేమోనని నేనే బిగించిన."

అవతలి వైపు ఆసుపత్రి ట్రాలీ చక్రాల చప్పుడు దగ్గరికి వచ్చి దూరమైంది.

"మంజులమ్మా," లక్ష్మీకాంతరావు గొంతు వచ్చింది. "అది క్లిప్పు కాదా?"

"కాదు సార్. డాగ్."

తరువాత వచ్చిన గొంతు తగ్గింది గాని వణకలేదు.

"నువ్వు మాట నిలబెట్టుకున్నవ్. సంతోషం. గా బీమా సారు ఉన్నడా అక్కడ? సారూ, రాసుకోండి. మెషిన్ ముట్టింది లక్ష్మీకాంతరావు. బటన్ నొక్కింది లక్ష్మీకాంతరావు. నడుమ నన్ను బతికిచ్చింది ఫజలుద్దీన్. గీ మూడు ముక్కలు రాసి తెండి, సంతకం పెడ్త. పైసలొస్తయా రావా, మీ ఇష్టం."

కరుణాకర్ ఫైలు తెరిచాడు. ఫజలుద్దీన్ రాసిచ్చిన కాగితాన్ని తీసి, ఒకసారి చూసి, మడిచి అతని చేతిలో పెట్టాడు.

"పొరపాటున జరిగిన ప్రమాదం అని రాస్తాను," అన్నాడు మంజుల వైపు చూడకుండా. "స్టేషన్‌కు ఫోన్ చేసి రావద్దంటాను." సెల్‌ఫోన్ తీసుకుని గుమ్మం బయటికి నడిచాడు.

"ఫజల్ భాయ్," ఫోనులో పిలుపు.

"సాబ్."

"నాకోసమేనా జైలుకు పోతనని రాసిచ్చింది? పేపర్ల గూడ వచ్చిందని నర్సమ్మ చెప్పింది. నీకేమన్న పిచ్చా?"

ఫజలుద్దీన్ భుజం మీది తువ్వాలతో కళ్ళు తుడుచుకున్నాడు.

"నీకొకటి చెప్పలే. ఎవలికీ చెప్పలే, మనోరమకు గూడ. రెండేండ్ల సంది నా కుడి కన్ను కనబడ్తలేదు. గందుకే గది క్లిప్పో డాగో నాకు తెల్వలే. తెలిస్తే మీరంత నన్ను మెషిన్ దగ్గరికి రానియ్యరని దాసిన."

ఫజలుద్దీన్ ఫోనును రెండు చేతులతో పట్టుకుని దగ్గరికి తీసుకున్నాడు.

"నాకెరుకే సాబ్," అన్నాడు. "పోయినేడు ఎండకాలం సంది ఎరుక. గందుకనే నువ్వు ఎన్నడు బటన్ మీద చెయ్యి పెట్టినా నేను నీ కుడిదిక్కు నిలబడుతున్న. సోమవారం గూడ గాడనే ఉన్న."